మూడు వందల యాభై ఏడు నొక్కులు

ఆఫీసులో నాకు తప్పులమ్మ అని పేరు. ఎదురుగా ఎవరూ అనరు, కానీ గోడలకు చెవులున్నట్టే నాకూ ఉన్నాయి. మాది వెబ్‌సైట్లు తయారుచేసే ఆఫీసు. ప్రోగ్రామర్లు కట్టిన పేజీ జనం చేతికి వెళ్లకముందే దాన్ని తెరిచి, నొక్కకూడని చోట నొక్కి, రాయకూడనిది రాసి, అది ఎక్కడ చతికిలబడుతుందో చూసి చిట్టాలోకి ఎక్కించడం నా ఉద్యోగం. ఒక్కో తప్పు పక్కన అది ఎంతటిదో కూడా నేనే రాయాలి. పెద్దది, మధ్యరకం, చిన్నది. పెద్దదని రాస్తే అది సరయ్యేదాకా సైటు గడప దాటదు. చిన్నదని రాస్తే రెండో విడతలోకి వెళ్తుంది. నేనక్కడ చేరి పదకొండేళ్లయింది. రెండో విడత మొహం చూసిన సైటు ఒక్కటీ నాకు తెలీదు.

నాకు నోరెక్కువ. ఆ సంగతి ఒకళ్లు చెప్పక్కర్లేదు. తప్పు కనబడితే కడుపులో దాచుకోలేను. పొద్దున్నే నా మొహం చూస్తే ఆ రోజు పని గోవిందా అని ప్రోగ్రామర్లు చాటుగా నవ్వుకుంటారు. వాళ్లలో సీనియరుకు నేనూ ఒక పేరు పెట్టుకున్నాను, 'రేపాయన' అని. ఏమడిగినా రేపు చేసేస్తానండీ అంటాడు. మంచివాడే, కానీ ఆయన రేపుకీ నా రేపుకీ పొంతన కుదరదు.

ఇంట్లో నేనూ తమ్ముడూ ఇద్దరమే. వాడు వాచీలు బాగుచేసేవాడు. ఇరవై నాలుగో ఏట కళ్ల లోపలి పొర చెడిపోవడం మొదలైంది. ఏడాదిన్నర తిరక్కుండా రెండు కళ్లూ పూర్తిగా పోయాయి. ఆ తర్వాత కొన్నాళ్లు వాడు కుర్చీని గోడవైపు తిప్పుకుని కూర్చునేవాడు. కిటికీవైపు తిప్పనా అంటే, ఏం చూడమంటావు అనేవాడు.  వంటింట్లోకి వెళ్లి గిన్నెలు కడుక్కునేదాన్ని, కడిగినవే మళ్లీ కడిగేదాన్ని.

వాణ్ణి ఆ గోడ దగ్గర్నుంచి లేపింది కంప్యూటరు. తెరమీద ఉన్నదంతా చదివి వినిపించే గొంతు ఒకటి ఉంటుంది. మౌసు అక్కర్లేదు, కీబోర్డు మీటలతోనే పేజీలో పైకీ కిందికీ తిరగొచ్చు. ఏ గడిలో ఉన్నామో, ఏ బటన్ మీద ఉన్నామో ఆ గొంతు చెబుతుంది. తమ్ముడు ఆరు నెలల్లో నేర్చేసుకున్నాడు. గొంతు వేగం ఎంత పెంచాడంటే నాకు ఒక్క ముక్క అర్థమయ్యేది కాదు. ఊపిరి తీసుకోకుండా వాదిస్తాడని దానికి లాయరు అని పేరు పెట్టాడు. కరెంటు బిల్లు, బ్యాంకు, మందులు, అన్నీ వాడే చూసుకునేవాడు. పొద్దున టీ తాగుతూ, ఈ రోజు లాయరుగారికి మందుల షాపు సైటులో ఎదురుదెబ్బ తగిలిందని చెప్పి నవ్వేవాడు. నాలుగేళ్లలో మా ఇంట్లోకి నవ్వు తిరిగొచ్చిందంటే ఆ పెట్టె పుణ్యమే.

ఇక ఈ గొడవంతా దేని గురించో చెబుతాను. ఆస్పత్రులకు కావలసిన సహాయకులను తయారుచేసే ఒక శిక్షణ సంస్థ మాకు సైటు పని ఇచ్చింది. దరఖాస్తులన్నీ సైటు మీదే. కోర్సుకు నలభై సీట్లు, అర్హత ఉన్నవాళ్లలో ముందు వచ్చినవాళ్లకు ముందు. నా పద్ధతి ప్రకారం మౌసు పీకి పక్కన పెట్టి, మీటలతో మాత్రమే ఫారం నింపడం మొదలుపెట్టాను. పేరు, చిరునామా, చదువు, అన్నీ సాఫీగా వెళ్లాయి. పుట్టిన తేదీ దగ్గర ఆగాను.

ఆ గడిలో తేదీ రాయనివ్వదు. క్యాలెండరు తెరుచుకుంటుంది, అందులోంచి ఎంచుకోవాలి. తెరుచుకునేది ఈ నెల మీద. మౌసున్నవాడు పైనున్న సంవత్సరాన్ని నొక్కి ఒక్క దెబ్బకు వెనక్కి పోతాడు. ఆ సంవత్సరం మీదికి మీటలు వెళ్లవు. వెనక నెల బటన్ ఒక్కటే అందుతుంది. అంటే పుట్టిన నెల వచ్చేదాకా నెల నెలా వెనక్కి నొక్కుకుంటూ పోవాలి. పైగా ఏ నెల వచ్చిందో చదివే గొంతుకు తెలియదు, లెక్క మనమే పెట్టుకోవాలి. చిట్టాలో ఇది నూట నలభై మూడో తప్పు. పక్కన పెద్దది అని రాశాను.

సమావేశంలో మేనేజరు చిట్టా చదువుతూ అక్కడ ఆగారు. ఆయన దుర్మార్గుడేం కాదు, గడువు మెడమీద ఉన్న మనిషి. ఈ క్యాలెండరు తయారుగా దొరికింది తెచ్చి పెట్టామని, మార్చాలంటే మిగతా పేజీలు కూడా కదులుతాయేమోనని రేపాయన నసిగాడు. మేనేజరు నావైపు తిరిగి, మీటలతో తేదీ ఎంచుకోవడం అసలు జరుగుతుందా జరగదా, ఒక్క ముక్కలో చెప్పమన్నారు.

"జరుగుతుంది సార్, కాకపోతే..."

"జరుగుతుంది కదా. మరి పెద్దదెలా అవుతుంది మేడమ్?"

ఆ వారంలో నేను పెద్దదని రాసిన తప్పులు అప్పటికి పంతొమ్మిది. ఒక్కోదానికీ ఒక్కో యుద్ధం. భోజనాల దగ్గర నా బల్లకు ఎవరూ రావడం మానేశారు. ఇరవయ్యో యుద్ధం చేసే ఓపిక నాకు లేకపోయింది. నలుగురూ నావైపే చూస్తున్నారు, ఒకమ్మాయి గడియారం చూసుకుంటోంది. సరేనని నా చేత్తో నేనే పెద్దదని ఉన్నది కొట్టేసి చిన్నదని రాశాను. మేనేజరు థ్యాంక్స్ అన్నారు. ఆ రోజు మధ్యాహ్నం రేపాయన నా బల్ల దగ్గరికొచ్చి కూర్చుని, తన కారియరులోది నాకు కొంచెం పెట్టాడు. నాకు బావుందనిపించింది. ఆ మాట చెప్పడానికి ఇప్పుడు సిగ్గేస్తోంది, అయినా నిజం.

మూడు వారాల తర్వాత సంస్థవాళ్లు కోర్సుల జాబితా పంపారు. దాన్ని పేజీలో సరిచూస్తుంటే, కండరాల నొప్పులకు చేత్తో వైద్యం చేసే సహాయకుల కోర్సు కనబడింది. ఈ ఏడాది నుంచి చూపు లేనివారు కూడా అర్హులే అని స్పష్టంగా ఉంది. వయసు ముప్పై నిండకూడదు.  తమ్ముడికి ఇరవై తొమ్మిదేళ్ల ఎనిమిది నెలలు. కోర్సు ఏడాదికొక్కసారే. అంటే వాడికి ఇదే మొదటిసారి, ఇదే ఆఖరిసారి.

పరిగెత్తినట్టు ఇంటికెళ్లి చెప్పాను. వార్త మోసుకెళ్లింది నేనే.  వాడు రెండు చేతులూ ఒళ్లో పెట్టుకుని వేళ్లు ఒకదాంతో ఒకటి తడుముకున్నాడు. వెంట్రుకంత సన్నని స్ప్రింగులను పట్టిన వేళ్లవి. పక్కింటి పిన్నిగారి భుజం పట్టేస్తే నొప్పి ఎక్కడుందో ఆవిడ చెప్పకముందే కనిపెట్టేవాడు. ఆవిడ ఊరంతా చాటింపు వేసింది కూడా.

"మళ్లీ నా చేతులకి పని దొరుకుతుందంటావా అక్కా?" అన్నాడు.

దొరుకుతుందిరా అన్నాను. దొరక్క చస్తుందా అన్నాను.

ఆ నెలంతా వాడి హడావుడి చూడాల్సిందే. సర్టిఫికెట్లు వెతికించాడు, స్కాన్ చేయించాడు, ఈ కోర్సు ఎందుకు చేయాలనుకుంటున్నారు అనే ప్రశ్నకు జవాబు పదిసార్లు రాసి పదిసార్లు చెరిపాడు. చివరికి రాసింది నాకు చదివి వినిపించమంటే, ఎంపికయ్యాక విందువుగానిలే అన్నాడు. వాచీల దుకాణం మూసినప్పుడు పెట్టెలో పెట్టేసిన ఇస్త్రీ చొక్కాలు రెండు బయటికి తీశాడు. క్లాసులకు ఎలా వెళ్లాలో, ఏ బస్సు ఎక్కి ఎక్కడ దిగాలో తెలుసుకుని, కర్ర పట్టుకుని రెండుసార్లు ఒక్కడే వెళ్లొచ్చాడు.

దరఖాస్తులు ఆ నెలాఖరున పొద్దున పది గంటలకు మొదలు. సైటు బయటికి వచ్చేదీ ఆ రోజే. సెలవు పెట్టి పక్కన కూర్చుంటానన్నాను. వాడు ఒప్పుకోలేదు.

"నా దరఖాస్తు నేనే పెట్టుకుంటానక్కా. అది కూడా చేయలేకపోతే ఆ పని ఎలా చేస్తాను? పైగా మీ సైటే కదా. నువ్వు చూసిన సైటు నన్ను ఇబ్బంది పెట్టదు."

ఆ మాటకు పొంగిపోయాను. నూట నలభై మూడో నంబరు నాకు గుర్తు రాలేదు. ఆ చిట్టాలో మూడు వందల పైచిలుకు తప్పులున్నాయి. ఆ తర్వాత మరో రెండు సైట్ల చిట్టాలు రాశాను. ఇవన్నీ సాకులని నాకు తెలుసు.

ఆ రోజు ఆఫీసులో గోడమీది పెద్ద తెరపై ఏ కోర్సుకు ఎన్ని సీట్లు నిండాయో కనిపించేలా పెట్టారు. ఫోన్లన్నీ సొరుగుల్లో పెట్టి సైటు మీదే కన్నేసి ఉంచమన్నారు మేనేజరు. పది కాగానే అంకెలు కదిలాయి. సైటు కూలలేదు, నత్తనడక నడవలేదు. తమ్ముడి కోర్సు వరస మీదే నా చూపంతా. పదకొండు, పంతొమ్మిది, ఇరవై ఆరు. ఆ ఇరవై ఆరులో వాడుండే ఉంటాడని లోపల ఒకటే సంబరం. పది గంటల ఇరవై మూడు నిమిషాలకు నలభై నిండింది. అన్నిటికన్నా ముందు నిండిన కోర్సు అదే. అందరూ చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను. అందరికన్నా గట్టిగా కొట్టాను.

సొరుగులోంచి ఫోను తీస్తే తమ్ముడి కాల్స్ ఆరు ఉన్నాయి. శుభవార్త చెప్పడానికి చేశాడనుకున్నాను. తిరిగి చేస్తే పక్కింటి పిన్నిగారు ఎత్తారు. ఇంటికి రామ్మా అన్నారు, అంతే.

నేను వెళ్లేసరికి వాడు కంప్యూటరు ముందే కూర్చుని ఉన్నాడు. ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు. ఇంట్లో కూర్చుని ఫారం నింపడానికి ఇస్త్రీ చొక్కా ఎందుకురా అని మామూలు రోజైతే ఏడిపించేదాన్ని. పిన్నిగారు తడి చేతులు కొంగుకు తుడుచుకుంటూ గుమ్మం దగ్గర నిలబడ్డారు. జరిగింది వాడే చెప్పాడు, చాలా నెమ్మదిగా.

నాలుగు నిమిషాల్లో పుట్టిన తేదీ దాకా వచ్చాడట. అక్కడ రాయనివ్వలేదు. తడుముకుంటే వెనక నెల బటన్ దొరికింది. లెక్క వేసుకున్నాడు. ఇరవై తొమ్మిదేళ్లు, తొమ్మిది నెలలు, మొత్తం మూడు వందల యాభై ఏడు. ఫర్వాలేదు, నొక్కేద్దామనుకున్నాడు. పైకి లెక్కపెడుతూ నొక్కడం మొదలుపెట్టాడు. తొందరపడితే ఒక నొక్కు రెండుగా పడుతోందని అనుమానం వచ్చి, ఒక్కో నొక్కుకూ ఆగి నొక్కాడు.

"రెండు వందల పదకొండు దాకా వచ్చానక్కా. అప్పుడు లాయరు చెప్పాడు, మీ సమయం ముగిసింది, మళ్లీ మొదలుపెట్టండి అని."

క్యాలెండరులో ఎంత నొక్కినా ఫారం నింపుతున్నట్టు సైటుకు తెలియదు. కొన్ని నిమిషాలు ఊరుకుంటే మనిషి లేచిపోయాడనుకుని పేజీ మూసేస్తుంది. అది కూడా మేం పెట్టిందే, భద్రత కోసం. రాసిందంతా పోయింది. నాకు ఫోన్ మీద ఫోన్ చేశాడు. తర్వాత గోడ పట్టుకుని వెళ్లి పిన్నిగారి తలుపు కొట్టాడు. ఆవిడ కళ్లజోడు వెతుక్కుని వచ్చి, పుట్టి బుద్ధెరిగాక ఎన్నడూ ముట్టుకోని మౌసును పట్టుకుని, వాడు చెప్పినట్టల్లా చేశారు. మొదటి పేజీ దాటేసరికి సీట్లన్నీ నిండాయని వచ్చింది. అది ఆవిడే చదివి చెప్పారట. తను కాస్త చురుగ్గా ఉండుంటే అయ్యేదేమోనని ఆవిడ నా ముందు కళ్లనీళ్లు పెట్టుకున్నారు. మీ తప్పేం లేదు పిన్నిగారూ అన్నాను. ఎవరి తప్పో నాకు అప్పటికి పూర్తిగా గుర్తొచ్చేసింది.

మర్నాడు ఆఫీసుకెళ్లి చిట్టా తెరిచాను. నూట నలభై మూడు. కొట్టేసిన పెద్దది, దాని పక్కన చిన్నది, ఆ పక్కన నా పేరు. రేపాయన్ని పిలిచి చూపించాను. విషయం విన్నాక ఆయన రేపు అనలేదు. అక్కడికక్కడే కూర్చుని, గడిలో తేదీ నేరుగా టైపు చేసుకునేలా మార్చేశాడు. మిగతా పేజీలేవీ కదల్లేదు. ఎంతసేపు పట్టిందో చూశాను. నలభై నిమిషాలు.  

సంస్థకు ఫోన్ చేస్తే అక్కడి ఉద్యోగిని ఒకావిడ ఓపిగ్గా విన్నారు. సైటులో లోపం వల్ల ఇలా జరిగిందని ఆఫీసు తరఫున ఉత్తరం పంపితే పైవాళ్ల ముందు పెడతానన్నారు. మేనేజరు ఉత్తరం రాయడానికి వెనకాడలేదు, కాకపోతే ఒక్క మాట మార్చమన్నారు. లోపం ఇప్పుడే బయటపడిందని రాద్దామన్నారు. ముందే తెలుసని రాస్తే ఈ పనీ పోతుంది, రాబోయే పనులూ పోతాయి, అందులో మీ పేరు కూడా ఉంటుంది కదా మేడమ్ అన్నారు. నా మంచికే చెప్పారు. కానీ తెలిసి వదిలేసిన తప్పయితేనే వాళ్లు నియమం పక్కన పెట్టే అవకాశం ఎక్కువని నాకనిపించింది. చిట్టాలో ఆ పేజీ ఉన్నది ఉన్నట్టు జతచేసి నా పేరుతోనే పంపేశాను. మేనేజరు తర్వాత రెండు రోజులు నాతో మాట్లాడలేదు.

తమ్ముడికి మాత్రం లోపం గురించి ఉత్తరం పంపామనే చెప్పాను. ఎప్పటి లోపమో, ఎవరు వదిలేశారో చెప్పలేదు. సీటు వచ్చేస్తే చెప్పే అవసరమే ఉండదని ఆశ. పదకొండు రోజులు వాడు తిండి సరిగ్గా తినలేదు. ఫోను మోగితే చాలు, లేచి నిలబడేవాడు.

పన్నెండో రోజు మధ్యాహ్నం ఆ ఉద్యోగిని నాకు ఫోన్ చేశారు. పైవాళ్లు విచారించారట, బాధపడ్డారట. చేర్చుకున్న నలభై మందిలో ఒకరిని తీసేయలేరు, నలభై ఒకటో సీటు ఇచ్చే అధికారం వాళ్లకు లేదు. వచ్చే ఏడాది నుంచి కాగితం మీద కూడా దరఖాస్తులు తీసుకుంటారు. వయసు నియమం మాత్రం తమ చేతుల్లో లేదన్నారు. సాయంత్రం దరఖాస్తుదారుడికి మెయిల్ పంపుతున్నామని, విచారణ కాగితాలన్నీ దాంతోపాటే వెళ్తాయని చెప్పారు. అంటే నా చిట్టా పేజీ కూడా. నేను నోరు విప్పకపోతే దాన్ని లాయరు చదివి వినిపిస్తాడు.

సెలవు చెప్పి ఇంటికొచ్చేశాను. తమ్ముడు ఆరిన బట్టలు మడతపెడుతున్నాడు. వేళకాని వేళ నా అడుగుల చప్పుడు వినగానే వాడి చేతులు ఆగాయి.

"రాలేదు కదూ?"

రాలేదురా అన్నాను. వాడు చేతిలోని తువ్వాలు మడత పూర్తిచేసి పక్కన పెట్టాడు. ఇంకొకటి తీసుకున్నాడు. అక్కడితో ఆగిపోదామని ఎంతో అనిపించింది. కుర్చీ లాక్కుని వాడి ఎదురుగా కూర్చుని అంతా చెప్పాను. తప్పు నేను ముందే పట్టానని, పెద్దదని రాశానని, నలుగురిలో గొడవెందుకని చిన్నదని మార్చానని, నా చేత్తోనే మార్చానని. ఆ మధ్యాహ్నం రేపాయన పక్కన కూర్చుంటే సంతోషపడ్డానని కూడా చెప్పాను. ఏదీ దాచుకోలేదు.

 కోప్పడితే బావుండునని, నాలుగు తిడితే బావుండునని ఎదురుచూశాను. వాడి గొంతులో కోపం లేదు.

"అది మార్చేటప్పుడు నేను గుర్తు రాలేదా అక్కా?"

అబద్ధం నాలుక చివరిదాకా వచ్చింది. గుర్తొచ్చావురా, కానీ ఒత్తిడి అలాంటిది, అని చెప్పొచ్చు. లేదా నువ్వు గుర్తు రాబట్టే ముందు పెద్దదని రాశాను అని చెప్పొచ్చు. అదీ నిజం కాదు. మొదట పెద్దదని రాసినప్పుడు కూడా నాకు వాడు గుర్తు రాలేదు. అది ఉద్యోగంలో నేర్చుకున్న అలవాటు, అంతే.

"లేదు" అన్నాను.

వాడు తల ఊపాడు. ఒళ్లోని బట్టను చేతులతో సాఫు చేశాడు, చేసిందే మళ్లీ చేశాడు.

"ఇన్నాళ్లూ ఏ సైటు మొండికేసినా నాకు కోపం వచ్చేది కాదక్కా. వాళ్లకి మనలాంటి వాళ్ల గురించి తెలీదు పాపం, ఇంట్లో ఎవరూ ఉండి ఉండరు, తెలిస్తే ఇలా వదలరు అనుకునేవాణ్ణి. అలా అనుకుంటే రోజు గడిచిపోయేది."

 నేను వాడి చెయ్యి పట్టుకున్నాను. విడిపించుకోలేదు, పట్టుకోనూ లేదు. కాసేపటికి కంప్యూటరులో మెయిల్ వచ్చిన చప్పుడైంది. వాడు లేవలేదు. చదవనా అని అడిగాను. రేపు చూద్దాంలే అని, మిగిలిన బట్టలు మడతపెట్టడం మొదలుపెట్టాడు.